నల్లకోటూ, కొబ్బరినూనే

ఎనభైల మొదట్లో అమలాపురం కోర్టులో నేను జూనియర్ లాయర్ని. నుదురూ, కనుబొమలూ, ముక్కు పక్కలూ పొట్టు లేచిపోయేవి. తలలో చుండ్రు సరేసరి. అదంతా నల్లకోటు భుజాల మీద రాలేది. మా సీనియర్‌గారు నన్ను ఒక్క కేసూ వాదించనిచ్చేవారు కాదు.

“ముందా భుజాలు దులుపుకోండి బాబూ. జడ్జిగారు మీ మాట వింటారా, రాలేది చూస్తారా?” అనేవారు. ఒళ్ళు మండిపోయేది. దులుపుకుంటే మళ్ళీ రాలేది.

ఎదుర్లంక రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి, కాకినాడలో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన నాలాంటి వాళ్ళ మీదే పరిశోధన చేస్తున్నారట. ఒక రసాయనం రాస్తే చర్మం ఎంత ఎర్రబడుతుందో, దానికీ ఈ చుండ్రుకీ సంబంధమేమిటో చూడాలట. నా ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మేర రాసి, “ఎల్లుండి రండి. దీనిమీద నీళ్ళు కూడా పడకూడదు” అన్నారు.

నీళ్ళు పడలేదు. కానీ మా ఇంట్లో అన్నిటికీ కొబ్బరినూనే మందు. కాలికి దెబ్బ తగిలినా, తలుపు కిర్రుమన్నా అదే గిన్నె వచ్చేది. మర్నాడు మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే అమ్మ ఆ ఎర్రమచ్చ చూసి, మనసొప్పక, గోరువెచ్చటి నూనెతో మోచేతి నుంచి మణికట్టు దాకా మర్దనా చేసేసింది. లేచేసరికి చెయ్యంతా మంట.

చెప్పిన రోజుకి మళ్ళీ వెళ్ళి చెయ్యి చూపిస్తే డాక్టరుగారు తల పట్టుకున్నారు. “నేను రాసింది ఇంతేనండీ. ఇదేంటి, జిల్లా మ్యాపులా ఉంది? ఏం రాసేరు?”

“కొబ్బరినూనండి. అమ్మ రాసింది.”

“మరి తలకో?”

“రోజూనండి. అదీ అమ్మేనండి.”

నన్ను పరిశోధనలోంచి తీసేసి, ఒక లోషన్ రాసిచ్చి, “ముందు తలకి ఆ నూనె మానండి. చుండ్రు దాంతోనే పెరుగుతోంది” అన్నారు.

కోనసీమవాడితో అనవలసిన మాటేనా అది! తిరుగు పంటులో చేతి మంట కన్నా నాకు అదే బెంగ. రోజూ నేను కోర్టుకి బయల్దేరే ముందు తలకి నూనె పెట్టకపోతే అమ్మకి తెల్లారినట్టుండదు. చెబితే తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“అయితే నా చేతుల్తో నేనే తెచ్చేనన్నమాట నీకీ బాధ” అని గిన్నె లోపల పెట్టేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

నెల తిరక్కుండా భుజాలు శుభ్రపడ్డాయి. సీనియర్‌గారు గట్టు తగాదా కేసొకటి నా చేతిలో పెట్టారు. ఆ ఉదయం బయల్దేరబోతే అమ్మ గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ముందు అదే గిన్నె. పక్కన నా బూట్లు, నిగనిగలాడుతూ.

“డాక్టరుగారు తలకే వద్దన్నారు కదరా. వీటికి వద్దన్లేదుగా?” అంది.

“లేదమ్మా, అన్లేదు” అన్నాను.

ఆ రోజు నా భుజాల మీద ఏమీ లేదు. జడ్జిగారు చివరిదాకా నా మాటే విన్నారు. మధ్యలో ఒక్కసారి ముక్కు ఎగబీల్చి, నా కాళ్ళ వైపు చూశారంతే.