నేను దాచిన సంతకాల పెట్టె

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నేను చిత్తూరులో ఒక చిన్న బ్యాంకులో గుమాస్తాను. నా తర్వాత చేరిన మునిరత్నానికి తెలుగుతోపాటు అరవమూ వచ్చు. వర్తకులంతా నన్ను దాటుకుని అతని దగ్గరికే పోయేవారు. మా పైఅధికారి ఏజెంటుగారూ అతన్నే మెచ్చుకునేవారు. నాకు కడుపు మండిపోయేది.

ఒకరోజు అతనికి చీవాట్లు పడాలని అతని అధీనంలో ఉండే ఖాతాదారుల సంతకాల కార్డుల పెట్టెను నా బల్ల కింద దాచేశాను. సరిగ్గా ఆ పొద్దుటే బ్యాంకు మునిగిపోతోందని ఊళ్లో పుకారు లేచింది. జనం ఎగబడ్డారు. సంతకం పోల్చి చూడనిదే డబ్బివ్వడానికి వీల్లేదు. మునిరత్నం చెమటలు కక్కుతూ పెట్టె కోసం వెతుకుతున్నాడు.

"దుడ్డు లేదు గాబట్టే నాటకాలాడతా ఉండారప్పా!" అని ఎవరో అరిచారు. రాయి తగిలి కిటికీ అద్దం భళ్లుమంది.

బల్ల కిందినుంచి పెట్టె తీసి మునిరత్నం ముందు పెట్టాను. అతను నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"నువ్వు కార్డులు తీసియ్యన్నా, జనానికి నేను సెప్పుకుంటాను" అన్నాడు.

సాయంత్రం దాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడి పనిచేశాం. చెల్లింపులు ఆగకపోవడంతో జనం నెమ్మదించి ఇళ్లకు వెళ్లిపోయారు.

"పెట్టె యాడుండిందబ్బా?" అని ఏజెంటుగారు గద్దించారు.

"నేనే యాడనో పెట్టి మర్సిపోయినాను సార్" అన్నాడు మునిరత్నం.

నేను తల వంచుకుని కార్డులు పెట్టెలో సర్దుకున్నాను. ఆ పూట కూడా అతన్ని చూసి అసూయే పడ్డాను, అంత మనసు నాకెందుకు లేకపోయిందా అని.