పీకిన తీగ

వనపర్తి నుంచి గద్వాల వెళ్లే బస్సులో పక్క సీటాయన మొదటి నుంచీ నన్ను పురుగును చూసినట్టే చూశాడు. ఆయన ఒళ్లో చీర అంచు డిజైను కోసం మగ్గానికి తగిలించే చిల్లుల అట్టల దండ ఉంది; ఏ పోగు లేవాలో ఆ చిల్లులే చెబుతాయి. నా ఒళ్లో మా కాలేజీ ల్యాబ్ కోసం నేను చేసిన అనలాగ్ కంప్యూటర్. అంకెలతో కాకుండా వోల్టేజీతో లెక్క కట్టే, మూత లేని పెట్టె. లెక్క మారినప్పుడల్లా దాని తీగలు పీకి వేరే రంధ్రాల్లో గుచ్చాలి.

ఆత్మకూరు దగ్గర కుదుపుకు నా పెట్టె మూల తగిలి ఆయన అట్ట ఒకటి చిరిగింది.

"కండ్లు నెత్తికెక్కినయా? చీర ఆగిపోతది!"

"ఒక్క అట్టే కదా. ఇది కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడానికి నేను చేసిన కంప్యూటర్," అన్నాను పొగరుగా.

ఆయన చెయ్యి చాచి నా పెట్టెలోంచి ఒక తీగ పీకేశాడు. "ఒక్క తీగనే గద. పెట్టు మల్ల."

నలభై తీగల మధ్య అది ఎక్కడిదో నాకు తెలియలేదు.

"పక్క మగ్గం మీద ఇదే డిజైను అట్ట జూసి నేను ఇంకోటి కొట్టుకుంట. నువ్వు జేసింది నీకే తెల్వదు. పోరగాండ్లకేం చెప్తవ్?"

గద్వాలలో దిగి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఇప్పుడు మా ల్యాబ్‌లో ఒక్కో లెక్కకు ఒక్కో చిల్లుల అట్ట ఉంది. పెట్టె మీద పరిస్తే తీగలు గుచ్చాల్సిన రంధ్రాలే కనిపిస్తాయి, ఏది దేనికి కలపాలో గీత ఉంటుంది. ఈ ఉపాయం ఎవరిదని విద్యార్థులు అడుగుతారు. నాదేనంటాను. ఆ మనిషి మీద కోపం ఇంకా పోలేదు.