ఆకులు కప్పిన మామిడి

మా హుకుంపేటలో ఏ కొట్టు బోర్డు చూసినా అక్షరాలు అనూరాధవే. కొండ దిగువ మైదాన ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడ్డ కిరాణా దేవీప్రసాద్ కూతురు. కొట్లో కూర్చోబెడితే పొట్లాల మీద బొమ్మలు గీసేది. పక్కనే నా టైలరింగ్ షాపు. ఆమె సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎవరైనా తెలుసన్నా నేనొప్పుకోను.

బోర్డులు రాసి విసిగిపోయిన అనూరాధకు వాగు అవతలి ఊరివాళ్లు తమ సామాజిక భవనం వరండా గోడ ఇచ్చి, కొండ బొమ్మ వెయ్యమన్నారు. నెల్లాళ్లు వేసింది. కొండ, వాగు, పండిన మామిడిచెట్టు, దాని కింద పళ్లు తింటున్న ఆ ఊరి పిల్లలే! ఏ మొహం ఎవరిదో ఇట్టే చెప్పొచ్చు.

ఊరిపెద్ద సోములమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మా, ఏటిది గుంటా! మామిడి కొత్త ఇంకా సెయ్యనేదు. అప్పుడే మా పిల్లలు పళ్లు తింతన్నారేటి?"

కొండదేవతకు పెట్టి కొత్త పండగ చేసేదాకా అక్కడ ఎవరూ మామిడిపండు ముట్టరు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉంటూ ఆ మాటే మరిచింది మహాతల్లి!

"బొమ్మే కదమ్మా," అంది నసుగుతూ.

"బొమ్మలో పిల్లలు మావోళ్లే కదా!"

గోడకు సున్నం కొట్టేద్దామన్నారు కొందరు. "ఈ గోడ పోతే నేనింక కుంచె పట్టను," అని నా షాపులో కూర్చుని ఏడ్చింది.

మర్నాడు చిక్కుడాకు పసరు తెల్లమట్టిలో కలిపి పట్టుకెళ్లింది. సోములమ్మను అడిగి, ప్రతి పండు మీదా ఆకు వేసింది. నేనూ వెళ్లి చూశాను. పిల్లలంతా మేకల్లా ఆకులు నములుతున్నట్టుంది! నేను పడీపడీ నవ్వాను. సోములమ్మ కూడా నవ్వింది. సున్నం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొత్త పండగనాడు పూజయ్యాక తడిగుడ్డతో తుడిస్తే ఆయిల్ పెయింటు పళ్లు నిగనిగలాడుతూ బయటపడ్డాయి. పిల్లల కేకలు వాగు ఇవతలికి వినిపించాయి. అప్పటి నుంచి ఏటా ఆకులు వెయ్యడం, తుడవడం పండగలో భాగమైపోయింది.

ఈ ఏడు పండగనాడు, రంగులు కొనడానికి పట్నం వెళ్లి తిరిగొస్తున్న అనూరాధ ఎక్కిన బస్సు ఘాట్‌లో ఆగిపోయింది. పూజ అయిపోయింది. పిల్లలు తడిగుడ్డలు పట్టుకుని గోడ దగ్గరికి ఉరికారు. సోములమ్మ చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

"ఆగండర్రా! మా గుంట రానేదు."

ఊరంతా రెండు గంటలు మామిడిపండు ముట్టకుండా కూర్చుంది. నేనూ కూర్చున్నాను.