తల దక్షిణం, కిటికీ ఉత్తరం

మే నెల ఎండలో అటక మీది పెట్టె దించి తెరిచాను. గుప్పున కలరా ఉండల వాసన. అడుగున నల్లటి ఉన్ని కోటు. విజయవాడలో దాన్ని చేతిమీద వేసుకుంటేనే చెమటలు పడతాయి. ఏ లెక్కయినా ముందు పోయినవాటితో మొదలుపెట్టమని నాకు నేర్పిన మనిషి కోటు అది. కనక అలాగే మొదలుపెడతాను. ఆ ప్రయాణంలో పోయినవి: ఎడమచేతి తొడుగు ఒకటి, పెట్టె చక్రం ఒకటి, ఈ కోటు గుండీలు రెండు, విమానాశ్రయంలో తీసి పారేయించిన నిమ్మకాయ పచ్చడి సీసా ఒకటి. ప్రయాణం తర్వాత పోయినవి: గ్రేస్ మేడం కుడికంటి చూపు, ఆపైన ఎడమకంటి చూపు, కిందటేడు మేడం. వీటి కింద గీత గీసి మొత్తం వెయ్యలేను. ఒక జాతివి కావు.

మేడం భవానీపురంలో మా పై ఫ్లాటులో ఉండేవారు. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా ఆరు రోజులూ చేతికందిన పుస్తకానికి. నేను మంగళగిరి మగ్గాల ఇంట్లో పుట్టిన దాన్ని. ఇంటరు తప్పాను. నాకు లెక్కలు బడిలో రాలేదు, మా నాన్న పడుగు పోగులు లెక్కపెట్టిస్తే వచ్చాయి. ఆ లెక్కలతోనే మంగళగిరిలో ఒక చీరల కొట్లో ఖాతాలు రాస్తున్నాను. కరెంటు పోయినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ విసుక్కుంటూ బాల్కనీల్లోకి వస్తే, ఆవిడ ఒక్కరే హుషారుగా మేడ ఎక్కేవారు. ఒకసారి నేనూ వెనకే ఎక్కాను.

"ఇన్నేళ్ళూ ఊరికి వెలుగు పంపించాను పద్మా. నాకిప్పుడు కాస్త చీకటి కావాలి," అన్నారు.

"కాసేపట్లో వచ్చేస్తుంది మేడం కరెంటు."

"వస్తుంది. మావాళ్ళు ఊరుకోరుగా!" అని నవ్వారు. దిగేటప్పుడు మెట్టు మీద తడబడి నా భుజం పట్టుకున్నారు. అప్పుడు చెప్పారు. కంటి తెరకు జబ్బట. రాత్రి చూపు ముందు పోతుందట, తర్వాత చుట్టుపక్కల చూపు. ఎంత కాలం అన్నది డాక్టరు చెప్పలేదు. చిన్నప్పటినుంచి చూడాలనుకున్నది ఒకటే ఉంది, ఉత్తరధ్రువం దగ్గర ఆకాశంలో ఆడే వెలుగు. అది చీకట్లో తప్ప కనపడదు. చీకట్లో చూసే శక్తేమో తరిగిపోతోంది. వచ్చే చలికాలం దాటితే వెళ్ళినా లాభం ఉండకపోవచ్చు. తోడు రమ్మన్నారు. ఖర్చు తనదే అన్నారు. నేను ఒప్పుకోవడానికి రెండు రోజులు తీసుకున్నాను. అంతవరకు చెన్నై దాటి ఎరగను.

ఎక్కడ దిగాలి అన్న దగ్గర అసలు పని మొదలైంది. ఏలూరు రోడ్డులో టూర్ల ఆఫీసు కుర్రాడు ప్రసాద్ రంగుల పుస్తకం తెరిచి నార్వేలో సముద్రపు ఒడ్డు పట్టణం చూపించాడు. "నాలుగు నక్షత్రాల హోటలండీ. పక్క వీధిలోనే మన ఇండియన్ భోజనం. మనవాళ్ళందరూ ఇక్కడే దిగుతారు మేడం."

"నక్షత్రాలు హోటలుకున్నాయి సరే, పైన ఉన్నాయా?" అన్నారు మేడం.

వాడు నవ్వి, "మధ్యలో ఒక్క రాత్రి అద్దాల కప్పు గది వేయిస్తానండీ. పడుకునే చూడొచ్చు," అన్నాడు.

బస్సులో వస్తూ నేను లెక్క కట్టాను. మూడు రాత్రుల్లో ఒకటి తేటగా ఉంటుందనుకుందాం. మనం ఉండేది అయిదు రాత్రులు. మూడుకు ఒకటైతే అయిదుకు ఒకటిన్నర పైమాటే. కనక తప్పకుండా కనిపిస్తుంది. గర్వంగా ఆ మాట చెప్పాను. మేడం నన్ను తప్పు పట్టలేదు. "కనిపించడం లెక్క వేశావు. కనిపించకపోవడం వేసి చూడు," అన్నారు అంతే. ఇంటికొచ్చి వంట పక్కన పెట్టి కూర్చున్నాను. మొదటి రాత్రి తప్పిపోవడానికి మూడింట రెండు పాళ్ళు. రెండో రాత్రికి అందులో మళ్ళీ మూడింట రెండు. అలా అయిదుసార్లు వేస్తే రెండువందల నలభై మూడింట ముప్పై రెండు తేలింది. అంటే ఎనిమిది మంది వెళితే ఒకరు ఏమీ చూడకుండా తిరిగొస్తారు. పోయేదాన్ని లెక్క వేస్తే ఉండేది దానంతటదే తేలుతుందని నాకు అదివరకు ఎవరూ చెప్పలేదు. అన్నం మాడిపోయింది కానీ, ఆ సాయంత్రం నాకెంతో సంతోషంగా అనిపించింది.

పైకి పరిగెత్తి చెప్పాను. "భేష్," అన్నారు మేడం. "కానీ మబ్బుకు నీ లెక్క తెలియదే! మనకు వాయుగుండం పడితే ముసురు ఒక్క రాత్రితో పోతుందా? పట్టిందంటే నాలుగు రోజులు పడుతుంది. రాత్రులు పెంచితే చాలదు, చోటు మారాలి." థర్మల్‌లో ఉన్నన్నాళ్ళూ ఆవిడ పొద్దున్నే చిమ్నీ పొగ ఎటు వాలిందో చూసి గాలి సంగతి చెప్పేవారట. క్వార్టర్స్‌లో ఆడవాళ్ళు అది విని వడియాలు పెట్టుకునేవారట. ఆ అలవాటుతోనే పటం పరిచారు. సముద్రం మీంచి వచ్చే తేమ గాలి కొండల వరస ఎక్కి, అక్కడే మంచు కురిపించి, అవతలికి దిగేటప్పటికి పొడిగా ఉంటుంది. అలా కొండల అవతల, స్వీడన్ ఉత్తరాన, సరస్సు పక్కన ఒక చిన్న ఊరు దొరికింది. హోటళ్ళు లేవు. మూడే బసలు. ఒకటి అద్దాల కప్పుది, రెండోది రైలు స్టేషను దగ్గర సత్రంలాంటిది, మూడోది ఒక ముసలావిడ నడిపే చెక్క ఇల్లు.

మూడింటికీ నేనే ఉత్తరాలు రాశాను, ఫోనులో అనువాదం చేసుకుంటూ. మేడం ప్రశ్న ఒకటే: "బయట దీపాల స్విచ్చి ఎవరి చేతిలో ఉంటుంది?" మేడం పక్కన కూర్చుని, నేను రాస్తుంటే మా అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అక్కడ మంచాలు ఎటు వేస్తారో అడిగావుటే?"

"దానికీ దీనికీ ఏంటమ్మా?"

"ఉత్తరం తల పెట్టుకుని పడుకుంటారా ఏంటి, పోయినోళ్ళని పడుకోబెట్టినట్టు? అడుగు. అడిగితే నోరు అరిగిపోద్దా?"

నేను సిగ్గుపడ్డాను. మేడం మాత్రం కళ్ళజోడు తీసి ఒక్క క్షణం ఆలోచించారు. "రాయి పద్మా. మీ అమ్మగారు చెప్పింది చాలా మంచి ప్రశ్న. తల దక్షిణానికి పెడితే కళ్ళు ఎటు తెరుచుకుంటాయి?"

జవాబులు వచ్చాయి. అద్దాల కప్పు గదుల్లో తలలు ఉత్తరానికి. పడుకుంటే కనపడేది దక్షిణపు ఆకాశం, దాని అంచున కార్లు ఆపే చోటు. దీపాలు తెల్లవార్లూ వెలుగుతాయి, భద్రత కోసం. రైలు స్టేషను సత్రానికి ఉత్తరాన గోడ. చెక్క ఇంటావిడ మాత్రం, ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదని, దిక్సూచి పట్టుకుని వెళ్ళి చూశానని రాసింది. తల దక్షిణం, పెద్ద కిటికీ ఉత్తరం, ఎదురుగా సరస్సు. బయట దీపం స్విచ్చి మంచం పక్కనే. వంటిల్లు వాడుకోవచ్చు. మేడం అది రెండుసార్లు చదివించుకున్నారు. "పుస్తకంలో రంగుల బొమ్మ వెయ్యడం తేలిక పద్మా. దిక్సూచి పట్టుకుని గదిలోకి వెళ్ళే మనిషి దగ్గర దిగాలి మనం."

ఇంకొక చిక్కు మిగిలింది. నిండు చందమామ ఉంటే ఆ వెలుగు వెలవెలబోతుంది. కాబట్టి అమావాస్య దగ్గర పెట్టుకుని వెళ్ళాలి. మా అమ్మ చిక్కుడుకాయల పళ్ళెం పక్కకి తోసేసింది. "అమావాస్య ప్రయాణమా! సముద్రాలు దాటి! మీ వాళ్ళకి పట్టింపు లేకపోవచ్చు గ్రేసమ్మా, మాకు ఉంది."

"మాకూ ఉందండీ, పైకి చెప్పుకోం," అన్నారు మేడం. "దశమి నాడు బయలుదేరతాం. అమావాస్య నాడు గడప దాటం. ఉన్నచోటే కిటికీ దగ్గర కూర్చుంటాం. విదియ నాడు తిరుగు ప్రయాణం. సరేనా?"

అమ్మ వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టి, "కూర్చుంటే దోషం లేదు," అంది.

మార్గశిర మాసంలో వెళ్ళాం. కొండల అవతల కూడా మూడు రాత్రులు మబ్బే. పొడి గాలి సంగతి, లెక్కల సంగతి నేను ఎత్తలేదు. మేడమే అన్నారు, "తప్పు లెక్కకి మాత్రమే ఏడవాలి. సరైన లెక్కకి రాని జవాబుకి ఏడవకూడదు." అన్నారు గానీ ఆ పూట రొట్టె ముక్క కూడా ముట్టలేదు.

నాలుగో రోజు అమావాస్య. అక్కడ మధ్యాహ్నం దాటితే చాలు, చీకటి పడిపోతుంది. సాయంత్రం కందిపొడి అన్నం కలుపుతుండగా కిటికీలో ఏదో పాలిపోయిన గీత కనిపించింది. నేను అరిచాను. మేడం తడుముకుంటూ వెళ్ళి స్విచ్చి నొక్కారు. ఇంటి బయటి దీపం ఆరింది. లోపలి దీపం నేను ఆర్పాను. మంచం మీద దక్షిణపు గోడకు ఆనుకుని పక్కపక్కనే కూర్చున్నాం.

"ఎడమ వైపు మేడం, కొండ పైన, పచ్చగా..."

"చెప్పకు," అన్నారు. "నువ్వు చెబితే నేను చూసినట్టు అనుకుంటాను. నాకు నేనుగా చూడనీ."

నేను ఆకాశం వైపు ఎంత చూశానో ఆవిడ ముఖం వైపూ అంతే చూశాను. గీత పలచబడి, మళ్ళీ ఉన్నట్టుండి చిక్కబడింది. మగ్గం మీద పడుగు సాగదీసినట్టు నిలువు పోగులు కిందికి జారాయి. అప్పుడు మేడం చెయ్యి లేచింది. చూపుడు వేలు చీకట్లో ఎడమనుంచి కుడికి మెల్లిగా జరిగింది. వెలుగు ఆగిన చోట ఆగింది. మలుపు తిరిగిన చోట తిరిగింది. సరస్సు మీదికి వంగిన చోట తానూ వంగింది. నేను ఒక్క మాట చెప్పలేదు. ఆ వేలు ఒక్కసారి కూడా దారి తప్పలేదు.

"గొట్టంలోంచి చూసినట్టుంది," అన్నారు. "చాలు. ఇది చాలు."

ఆకాశంలో వెలుగు ఆరిపోయాక కూడా దీపం వేయలేదు చాలాసేపు. తర్వాత అన్నారు: "ఎంతసేపు ఉంది పద్మా?"

నేను వాచీ చూడలేదు. రోజుకు కొట్టు షట్టరు ఎన్నిసార్లు లేచిందో చెప్పగల దాన్ని, అదొక్కటీ లెక్కపెట్టలేదు. వేలు చూస్తూ కూర్చున్నాను. "ఓ పావుగంట ఉంటుందేమో," అన్నాను.

"అంచనా నాకొద్దు. సరైన అంకె వచ్చినప్పుడు చెప్పు," అని పకపకా నవ్వారు. అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు చుట్టుపక్కలవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా బస గురించి నన్నడుగుతారు. అరకు అయినా, కాశీ అయినా. మీరు వెళ్ళేది ఏం చూడటానికి, అది కనపడకుండా పోయే దారులెన్ని, గదిలో కూర్చుంటే కళ్ళు ఎటు తెరుచుకుంటాయి అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. మేడం చూపు పూర్తిగా పోయాక కూడా నేను పైకి వెళ్ళినప్పుడల్లా, "ఏమ్మా, తేలిందా?" అని అడిగేవారు. తినబోయిన అన్నం చల్లారిన తీరును బట్టి కట్టి చూశాను, ఫోనులో ఆ సాయంత్రం తీసిన ఒకే ఒక్క ఫొటో మీది వేళను బట్టి కట్టి చూశాను. పన్నెండు నిమిషాలకు తక్కువ కాదు, ఇరవైకి ఎక్కువ కాదు. అంతకంటే దగ్గరికి రాలేదు. ఆవిడకి ఆ ఎనిమిది నిమిషాలు ఇప్పటికీ బాకీ.