పావురం నెత్తురు

చిన్నమ్మ తమ్ముడు పావురం మెడ కోసి, అది ఇంకా రెక్కలు కొట్టుకుంటుండగానే ఆ నెత్తురును మా చిన్నాయన చచ్చుబడిన కుడిచేతికి పూస్తున్నాడు. బేతంచెర్లలో వాళ్ల వాకిట్లో పరిచిన నాపరాళ్ల నిండా ఈకలు, ఎర్రటి మరకలు. నాకు ఒళ్లు మండింది.

కర్నూలులో పక్షవాతం వచ్చినవాళ్లకు కాళ్లూ చేతులూ కదిలించడం నేర్పించే పని నాది. ఫోనులో చూసే ఆరోగ్యం సంగతులు వాళ్లకు ఎంత అర్థమవుతున్నాయి, వాటిని ఎంత వాడుకుంటున్నారు అని ప్రశ్నలడిగి మార్కులు వేసే పని కూడా ఆ మధ్య నా నెత్తిన పడింది. "కావలసింది మీరే వెతుక్కోగలరా? ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో చెప్పగలరా?" అని అడిగేదాన్ని. చాలామంది "మాకేం తెల్సు తల్లీ" అని తల వంచుకునేవారు. కుడిచెయ్యి పడిపోయి నా దగ్గరికే వచ్చిన మా చిన్నాయన మాత్రం రొమ్ము విరుచుకుని కూర్చున్నాడు.

"నాకన్నీ తెల్సు పాపా. మూతి వంకర పోతాది, చెయ్యి కిందికి పడిపోతాది, మాట ముద్దయితాది. అప్పుడు తచ్చణం పెద్దాసుపత్రికి పోవాల. ఫోన్లో శానా సూసినా."

ఒక్క తప్పు లేదు. అందరికంటే ఎక్కువ మార్కులు ఆయనకే వేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా సంగతో ఆయన సంగతో ఇప్పటికీ తేల్చుకోలేను.

పక్షవాతానికి పావురం నెత్తురు పూయడం మా వైపు పాత అలవాటే. మా నాయన తల్లి, జేజి, కూడా చెప్పేది. కానీ మాత్రలు మానమని జేజి ఎన్నడూ అనలేదు. ఆ కాలంలో మానడానికి మాత్రలుంటే కదా! ఇప్పుడు ఫోనులో ఎవడో గడ్డపాయన, పూత పూసేటప్పుడు మాత్రలు మింగితే నెత్తురు ఒంటికి పట్టదని చెప్పాడట.

"మాత్రలేవి చిన్నమ్మా?" అని అడిగాను.

ఆమె గుడ్లనీళ్లు కుక్కుకుని చెంప చూపించింది. నాలుగు వేళ్లూ అచ్చు పడి ఉన్నాయి. పెదవి చిట్లి ఉంది. పొద్దున మాత్ర నోటి దగ్గరికి తెచ్చినందుకు ఆయన కొట్టిన దెబ్బ అది.

"ఒక్క చెయ్యి మిగిలింది. దాన్నీ దీనికే పెట్టినాడు" అంది.

నాకు కోపం ఆగలేదు. "చిన్నాయనా, నెత్తురు గడ్డ కట్టకుండా చూసేది ఆ మాత్రే. మానితే మళ్లా వస్తాది. ఈసారి రెండో చెయ్యి కూడా పోతాది" అని అరిచాను.

"మార్కులేసింది నువ్వే గదే! ఇప్పుడు నాకేం తెల్దంటావా?" అని ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు.

చిన్నమ్మ ఆయన ఒళ్లోంచి ఫోను లాక్కుని, నాపరాయి మీద పెట్టి, గనిలో రాళ్లు పగలగొట్టే సమ్మెటతో మోదింది. ఫోను ముక్కలైనా ఆగక మళ్లీ మళ్లీ మోదింది. అద్దం పెంకు ఎగిరి నా కాలికి గుచ్చుకుంది. ఆయన బండబూతులు తిడుతూ, గోడ పట్టుకుని లేచి, ఆమె నెత్తి మీదికి ఎడమచెయ్యి ఎత్తాడు.

ఆ చెయ్యి దెబ్బ కొట్టకుండానే వాలిపోయింది. మూతి వంకర పోయింది. బూతు నోట్లోనే ముద్దయింది. నాకు ఒప్పజెప్పినవన్నీ ఆయన ఒంటి మీదే కనబడ్డాయి.

నేను పరిగెత్తి పట్టుకునేసరికి చిన్నమ్మ తమ్ముడు ఇంకో పావురం, కత్తి పట్టుకుని వచ్చాడు.

"జరుగు మే! నెత్తురు యేడిగా పడాల!"

వాడి చెంప ఛెళ్లుమనిపించాను. కత్తి కింద పడింది, పావురం ఎగిరిపోయింది. "ఆటో పిల్చుకరా పో!" అంటే అప్పుడు కదిలాడు. నాపరాళ్ల లారీల వెనక దుమ్ము తింటూ, దారి ఇవ్వనివాళ్లందరినీ తిడుతూ కర్నూలు చేరాం.

ప్రాణం దక్కింది. రెండు చేతులూ, మాట, మింగే శక్తీ పోయాయి. ఇప్పుడు చిన్నమ్మ మాత్రను చిన్న రోట్లో నూరి, నీళ్లలో కలిపి, ఆయన ముక్కులోని గొట్టంలో పోస్తుంది. రోటి చప్పుడు వినగానే ఆయన నోరు తెరుస్తాడు, మాత్ర నాలుక మీద పెట్టమన్నట్టు. చూస్తే నాకు ఏడుపొస్తుంది. తనను కొట్టిన ఆ ఎడమచెయ్యి ఇంక లేవదని చిన్నమ్మకు తెలుసు. అయినా ఆమె మంచానికి ఎడమవైపు నిలబడదు.