కంటి ఆసుపత్రిలో నా తిట్టు

నిన్న పొద్దున కంటి ఆసుపత్రి టోకెను పేజీ తెరిచినోళ్లు ఎవరు? ఏం కనపడింది? చూసింది చూసినట్టు చెప్పండి, మర్యాద కోసం దాచొద్దు. ఆ తిట్టు రాసింది నేనే!

దోణిమలై ఇనుప గనుల దగ్గర నెత్తిన మట్టి తట్టలు మోసినదాన్ని. నలభై దాటినాక కంప్యూటరు నేర్చుకున్నాను. ఇప్పుడు బళ్లారిలో ఒక చిన్న ఆఫీసులో వెబ్ పేజీల విడిభాగాలు చేస్తాను. బటన్లు, తేదీ పెట్టెలు, అట్లాంటివి. అన్నీ కంప్యూటర్లో ఒకే ఉమ్మడి చోట పెడతాం, దాన్నే లైబ్రరీ అంటాం. ఆసుపత్రి, బడి, బస్ పాసు, అందరూ అక్కడినుంచే తీసుకుంటారు. అందులో ఒక్క తప్పు దూరిందా, ఊరంతా దూరినట్టే. అందుకే ఇంకొకరు చూసి ఓకే అంటేనే కొత్త భాగం చేరుతుంది.

ఫారంలో ఏదైనా నింపకపోతే ఎర్ర అక్షరాలతో గుర్తుచేసే భాగం ఒకటి చేశాను. తెలుగు ఒత్తులు కింద తెగిపోకూడదు కదా! పరీక్షకని నోటికొచ్చింది కొట్టాను: "ఏమప్పా, కండ్లు కనపడవా? పెట్టె ఖాళీగా ఇడ్చిపెట్టి యాడికి పోతాండావు?" ఒత్తులు చక్కగా నిలబడ్డాయి. ఆ సంబరంలో మార్చకుండానే పంపేశాను!

చూడాల్సింది పక్క సీటు రాఘప్ప. తెలుగు గలగలా మాట్లాడతాడు. చదివేది మాత్రం కన్నడమే.

"అక్షరాలు చెన్నాగి కూసున్నాయక్కా!" అని ఓకే కొట్టేశాడు.

నిన్న ఆసుపత్రి కౌంటరు నుంచి ఫోను. "మేడం, కురుగోడు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన కొట్లాడతాండాడు. ఫోన్ నంబరు రాయలేదంట. మీ పేజీలో వచ్చింది కోడలు గట్టిగా చదివింది. 'అది రాసుండాదా, నువ్వే అంటాండావా?' అని ఆమె మీదికి లేచినాడు! 'కండ్లు కనపడకనే కదా ఈడికొచ్చింది!' అని ఇప్పుడు మా మీద పడినాడు."

ఫోను పెట్టేశాను. రాఘప్పకు ఆ వాక్యం చదివి వినిపించాను. మొహం పాలిపోయింది.

"అయ్యయ్యో! బడి ఫారంలో కూడా ఇదే ఉండాదక్కా!"

వెంటనే ఆ వాక్యాన్ని తీసేశాను. అంతలోనే మా పెద్ద మేడం మంజుల పిలిచింది. మేస్త్రీ ముందర తట్ట జారవిడిచిన రోజు కూడా నేను ఇంత భయపడలేదు. ఈ వయసులో ఈ పని పోతే ఇంకెవరిస్తారు?

"భాగం బాగుందమ్మా," అంది. నాకు ఊపిరొచ్చింది. "కానీ రేపు సాయంత్రానికి మర్యాదగా ఒక వాక్యం రాసియ్యండి. అదీ తిట్టులాగుంటే ఇంక మీకు లైబ్రరీ పని లేదు." ఊపిరి మళ్లీ పోయింది.

ఒక్క వాక్యం! పొద్దుట్నుంచి రాస్తూనే ఉన్నాను. ఈసారి రాఘప్ప ఊరికే చూడడు, చదివి వినిపించమంటాడు.

"ఫోన్ నంబరు రాయి."

"దబాయిస్తాండావక్కా."

"నంబరు రాస్తే అరిగిపోతావా?"

"ఇది ఇంకా ఘోరం!"

"దయచేసి రాసి చావప్పా."

రాఘప్ప తల పట్టుకున్నాడు.

నాలుగయింది. మంజుల రెండుసార్లు ఇటు చూసి పోయింది. నాతో ఎవరూ మెల్లగా మాట్లాడలేదు, నేనూ ఎవరితోనూ అట్ల మాట్లాడలేదు. అరిచే బతికినాను. నంబరు రాయని మనిషిని తిట్టకుండా ఎట్ల అడగాల? తొందరగా చెప్పండప్పా, అక్కడ ఏం రాయమంటారు?