మైల ఎద్దుకు ఇల్లు మారింది

మోట ఎద్దు వెనక్కి నడుస్తుందని చెబితే మా మనవరాలు నమ్మలేదు. "రివర్స్ గేరా, అమ్మమ్మా?" అని పడీ పడీ నవ్వింది. నవ్వనీ. దాని వయసులో నాకూ మా అవ్వ చెప్పేవన్నీ కట్టుకథల్లాగే ఉండేవి. కానీ ఈ ఎద్దును నేను కళ్లారా చూశాను, దాని గంగడోలు కింద చెయ్యి పెట్టి గోకాను, దానితో పోట్లాడాను కూడా.

మా ఊరు శంషాబాద్‌కు తూర్పున, తుక్కుగూడ పోయే బాట పక్కన ఉండేది. ఇప్పుడు ఆ చేల మీదుగా విమానాలు దిగుతున్నాయి. అప్పుడు అక్కడ మా మోట బావి ఉండేది. బావి గట్టు మీది నుంచి కిందికి వాలుగా ఒక బాట. ఎడ్లు ఆ వాలు దిగుతుంటే మోకు సాగి, తోలు బొక్కెన నిండుగా పైకొచ్చి కాలువలో నీళ్లు పోసేది. ఆ తర్వాత ఎడ్లు తిరగకూడదు. ముఖం అటే ఉంచి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ గట్టెక్కాలి. అప్పుడు బొక్కెన మళ్లీ బావిలోకి దిగుతుంది. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా ఇదే పని.

మా నాయనను నేను బాపు అనేదాన్ని. ఎడ్లు దిగేటప్పుడు బాపు మోకు మీద కూర్చుని పాడేవాడు. కిందికి చేరగానే పాట ఆపి దిగేవాడు. అంతే, ఎడ్లు వెనక్కి నడిచేవి. చర్నాకోల ఉండేది గానీ అది గొంగడితో పాటు భుజం మీద వేలాడటానికే. పొద్దు వాలాక, ఆఖరి బొక్కెన కాలువలో పడ్డాక, పాట ఆపి మా మైల ఎద్దు వీపు తట్టి ఒక మాట అనేవాడు.

"ఇగ సాలు బిడ్డా, ఇంటికి పోదాం పా."

ఆ మాట వింటే ఆ బూడిదరంగు ఎద్దు వెనక్కి పోయేది కాదు. చెవులు నిక్కబొడుచుకుని, జోడెద్దును కూడా లాక్కుని, తిన్నగా ముందుకు ఇంటి దారి పట్టేది. బావి మా ఇంటికి కేకదూరం. అమ్మకు ఆ మాటే గడియారం. వినపడగానే పొయ్యి రాజేసి నీళ్ల కాగు ఎక్కించేది. ఎద్దు దొడ్లోకి వచ్చి, దాని వెనక బాపు వచ్చి, ఎడ్లకు కుడితి పెట్టి, మేత వేసి, స్నానానికి కూర్చునేసరికి నీళ్లు కాగేవి. ఎడ్లు మూతి పెట్టందే ఆయన ముద్ద ముట్టేవాడు కాదు. బాటన పోయే ఎవరైనా నీళ్లకు కాలువ దగ్గర వంగితే, వాళ్లు తాగి లేచేదాకా మోట ఆపేవాడు.

ఎద్దునూ బిడ్డా అనేవాడు, నన్నూ బిడ్డా అనేవాడు. నాకు ఒళ్లు మండేది. ఒకసారి ఏడుస్తూ అడిగాను, "నేనా, అదా నీ బిడ్డ?" అని. "అది పెద్ద బిడ్డ, నువ్వు సిన్న బిడ్డ" అన్నాడు. ఆ వారమంతా నేను ఆ ఎద్దుతో మాట్లాడలేదు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. జ్వరాలు మాత్రం బాగా పడ్డాయి. పట్నం దవాఖానకు తీసుకుపోదామని బండి కడుతుండగానే బాపు పోయాడు.

దినాలు అయిన తర్వాత చిన్నాయన పంపకాలకు వచ్చాడు. "వదినె, నీకు మోట కొట్టే మనిషేడి? వయసుది నేను తోల్కపోత, ముసల్ది నీ దగ్గర ఉండనీ" అన్నాడు. జోడు విడదీయొద్దని అమ్మ బతిమాలింది. ఆయన వింటేగా. వయసు ఎద్దును విప్పుకుపోయాడు. మైల ఎద్దు గాటి దగ్గర నిలబడి బావి వైపే చూసేది. దొడ్లో గడ్డివాము కరిగిపోయింది. పక్కటెముకలు బయటపడ్డాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది అమ్మకు. ఉంచుకుంటే ఆకలికి చస్తుంది, అంగడికి తోలితే ముసలి ఎద్దును కోతకు తప్ప ఎవరూ తీసుకోరు.

అప్పుడే పహాడీ షరీఫ్ గుట్ట కింద ఉండే ఒక బండాయన వచ్చాడు. మా ఊరి అవతల తుప్పల్లో కట్టెలు కొట్టించి, బండికెత్తి పట్నంలో అమ్ముకునేవాడు. ఆయన జోడులో ఒక ఎద్దు చచ్చిపోయింది. పాలిచ్చే మేకనూ దాని పిల్లనూ ఇస్తానని మైల ఎద్దును అడిగాడు. "మేత పెడతవా?" అని అమ్మ అడిగింది. "నేను తినకున్నా దానికి పెడత అమ్మా" అన్నాడు. ముఖం చూసి నమ్మింది.

మా దిక్కు పశువును ఇస్తే పలుపు ఇవ్వరు. పలుపుతో పాటు ఇంటి సిరి కూడా పోతుందంటారు. కొనేవాడే కొత్త పలుపు తెచ్చుకోవాలి. ఆయన తెచ్చిన తాడు కట్టుకుని మైల ఎద్దు వెళ్లిపోయింది. పాత పలుపును అమ్మ బాపు గొంగడి వేలాడే కొయ్యకే తగిలించింది. రోజూ దాని కింద నుంచే వంటింట్లోకి పోయేది. నేను లేనప్పుడు తాకేదేమో నాకు తెలియదు. నేను మాత్రం తాకేదాన్ని. అది ఎద్దు వాసనా, బాపు వాసనా కలిసిన తాడు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ బండాయన ఖాళీ బండితో మా వాకిట్లో ఆగాడు. కుంటుతున్నాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది. మైల ఎద్దు వీపు మీద వాతలు తేలి ఉన్నాయి.

"ఏందమ్మా, గిట్ల చేస్తివి?" అన్నాడు. "మంచి ఎద్దంటివి. ఇది ఎన్కకు నడుస్తది! మీ ఊరి దిగుడు కాడ దినాం ఇదే పరేషాన్. జోడుది ముందలికి గుంజుతది, ఇది ఎన్కకు గుంజుతది. నిన్న కట్టెల బండి ఒరిగి నా కాలు మీదికొచ్చింది."

పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచే లంకించుకుంది. "ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, గట్ల కొడ్తవా మూగజీవాన్ని?"

"కొట్టిన" అన్నాడాయన, తల వంచుకుని. "కొట్టకుంటే బండి మీదపడి నేను సస్తుంటి. నాకు పిల్లలున్నరు. ఇగ అంగడికి తోల్తనమ్మా. నాతోని కాదు. చెప్పి పోదామని వచ్చిన."

అంగడికి తోలితే ఏమవుతుందో అక్కడ ఉన్న నలుగురికీ తెలుసు. నేను ఎద్దు మెడ పట్టుకుని ఏడుపు అందుకున్నాను. పోట్లాటలన్నీ మర్చిపోయాను.

అమ్మ లోపలికి పోయి కుడితి తెచ్చి ఎద్దు ముందు పెట్టింది. వాతల మీద పసుపూ నూనే పూసింది. తర్వాత జొన్నరొట్టె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కాలి కట్టు విప్పించి, పుండు చూసి, అదే గిన్నెలో మిగిలిన పసుపు నూనె దానికీ పూసింది. పెద్దమ్మకు అది అస్సలు నచ్చలేదు.

"అన్నా, దిగుడు కాడ నువ్వు పాడుతవా?" అని అడిగింది అమ్మ.

ఆయన రొట్టె నములుతూ ఆగిపోయాడు. "పాడుత. దిగుడంటే జర భయం నాకు. పాడుకుంట దిగుత."

"కిందికి దిగినంక?"

"దిగినంక ఎందుకు పాడుత?"

అమ్మ నవ్వింది. బాపు పోయిన తర్వాత అమ్మ నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "అయ్యో అన్నా! పాట ఆగితే ఎన్కకు నడవాలె అని దానికి నేర్పిండ్రు. అది తప్పు చేస్తలేదు. చెప్పిన పని చేస్తున్నది" అంది.

మా చిన్నాయన తీసుకుపోయిన వయసు ఎద్దుకు ఈ బాధ లేదు. ఆయన దాన్ని తిడుతూ తోలేవాడే గానీ పాడింది ఎప్పుడు?

పాడకుండా దిగి చూడమని పెద్దమ్మ ఉపాయం చెప్పింది. అందరం ఊరి బయట బాట వాలుగా దిగే ఆ దిగుడు దగ్గరికి పోయాం. ఆయన నోరు మూసుకుని తోలాడు. పాట లేకపోతే మైల ఎద్దు అడుగు వేస్తేనా! దిగుడు మొదట్లోనే రాయిలా నిలబడింది. పాడితే దిగింది. కిందికి చేరి పాట ఆపగానే, పాపం, బుద్ధిగా వెనక్కి మొదలుపెట్టింది. చక్రాల కింద రాళ్లు పెట్టి ఆపారు. ఆయన కొట్టలేదు గానీ నుదురు కొట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఒక్కటే. దాన్ని ముందుకు నడిపించే మాట బాపు నోటి మాట. ఆయన పోయాక మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. అనొద్దని అమ్మ చెప్పలేదు, మాకే నోరు రాలేదు. అమ్మ గబగబా ఇంటికి పోయి కొయ్యకున్న పలుపు తెచ్చింది.

"పలుపు ఇస్తవా? ఇంట్ల సిరి పోతది బిడ్డా" అంది పెద్దమ్మ.

"సిరి ఎన్నడో పాయె పెద్దమ్మా. దీని వాసన దానికెరుక" అంటూ ఎద్దు మెడకు కట్టింది. బండి మళ్లీ మీదికి తీసుకుపోయారు. ఆయన పాడాడు. ఎడ్లు దిగాయి. పాట ఆగింది. అమ్మ ఎద్దు వీపు తట్టింది.

"ఇగ సాలు బిడ్డా, ఇంటికి పోదాం పా."

మైల ఎద్దు చెవులు లేచాయి. మెడ తిప్పి వెనక్కి చూసింది. ఎవరి కోసం చూసిందో నేను చెప్పాలా? కాసేపు చూసి, తర్వాత నడిచింది. ముందుకు, తిన్నగా, బండితో సహా. మా ఇంటికే.

మా వాకిలి దగ్గర దొడ్డి వైపు తిరిగింది. అక్కడ అమ్మ పలుపు గట్టిగా పట్టి ఆపింది. "గిటు కాదు బిడ్డా. గటు" అంది. అది కదల్లేదు. దొడ్డిని చూసింది, బావి వైపు చూసింది. అమ్మ దాని చెవి దగ్గర వంగింది. "ఆయన రాడు బిడ్డా. ఇగ రాడు. నీకు ఇల్లు మారింది. నువ్వు పో."

బాపు రాడన్న మాట అమ్మ నోటి నుంచి రావడం అదే మొదలు. మాతో అనలేదు, శోకాలు పెట్టిన ఆడవాళ్లతోనూ అనలేదు, ఎద్దుతో అంది. ఆ పలుపు పట్టుకుని దాన్ని దాని ఇంటి ముందు నుంచే నడిపించుకుంటూ ఊరి పొలిమేర దాకా పోయింది. నేను వెనకే ఉన్నాను. పొలిమేరలో పలుపు ఆయన చేతికిచ్చి, ఆ మాట ఆయనతో మళ్లీ మళ్లీ అనిపించింది. ఆయన నోట్లో అది కొంచెం వంకరగా వచ్చింది. "అదే అన్నా, గట్లనే" అంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా దిగుడు మీది నుంచి పాట వినపడింది. మేం చెవులొగ్గి కూర్చున్నాం. పాట ఆగింది. "ఇగ సాలు బిడ్డా, ఇంటికి పోదాం పా." అమ్మ తటాలున లేచి, పొయ్యి రాజేసి, నీళ్ల కాగు ఎక్కించింది. ఎక్కించిన తర్వాత అక్కడే నిలబడిపోయింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. బండి చప్పుడు వాకిట్లోకి వచ్చింది. మైల ఎద్దు ఈసారి దొడ్డి వైపు తిరగలేదు, నీళ్ల కోసం మాత్రం ఆగింది. అమ్మ బయటికి వచ్చి, "అన్నా, నీళ్లు కాగినయి. జర కాలు కడుక్కో" అంది.

అప్పటి నుంచి అదే అలవాటయింది. ఎద్దుకు కుడితి, ఆయన పుండు కాలికి వేడినీళ్లు. పుండు మానినా నీళ్లు కాగడం మానలేదు. ఎద్దు వీపు మీద కొత్త వాత నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత రాజ్యం మారి ఊళ్లన్నీ అల్లకల్లోలమైన ఏడు వచ్చింది. ఎవరు ఎటు పోయారో తెలియని రోజులు. ఒక సాయంత్రం పాట వినపడలేదు. ఆ మర్నాడూ లేదు. పహాడీ షరీఫ్ పోయినవాళ్లతో అడిగించాం. ఇల్లు ఖాళీగా ఉందన్నారు, బండి కట్టుకునే పోయారన్నారు. అంటే మైల ఎద్దు కూడా పోయిందన్నమాట. ఎక్కడ దిగుడు వచ్చినా ఆయన ఆ మాట అంటూనే ఉండి ఉంటాడని అమ్మ అనుకునేది.

అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ పొద్దుగూకితే కాగు ఎక్కించేది. "ఎవరన్న ఒకరు కాళ్లు నొచ్చి వస్తరు" అనేది. నిజంగానే ఎవరో ఒకరు వచ్చేవారు.

ఆ దిగుడు ఇప్పుడు లేదు. చదును చేసి రోడ్డు వేశారు. ఆరాంఘర్ నుంచి విమానాశ్రయం దాకా కారు ఎక్కడా ఒరగదు. మనవరాలిని సాగనంపి వస్తూ, మా బావి ఎక్కడ ఉండేదో కారు అద్దంలోంచి వెతుకుతాను. ఇంట్లో మీట నొక్కితే నీళ్లు కాగుతాయి. పొద్దుగూకుతుంటే నా చెవులు మాత్రం వాటంతట అవే నిక్కబొడుచుకుంటాయి. ఇప్పుడు ఆ ఎద్దుతో నాకు ఏ పోటీ లేదు. దానికైనా ఇల్లు మారిందని చెవిలో చెప్పి, పొలిమేర దాకా తోడు వచ్చినవాళ్లు ఉన్నారు. సిన్న బిడ్డను నేను ఇంకా వాకిట్లోనే నిలబడి ఉన్నాను, బాపు వచ్చి ఇగ సాలు, ఇంటికి పోదాం పా అంటాడని.